తిరుపతి క్షవరం: తడి, కత్తి, మంట

వ్యాససంగ్రహం:

‘తిరుపతి క్షవరం’ అనే జాతీయాన్ని సగంలో ఆపిన పనికి పర్యాయంగా వాడుతున్నాం. దాని వెనుక ఒక శారీరకానుభవం ఉంది. తడి ఆరిన తలమీద కత్తి మళ్ళీ నడిచినప్పుడు పుట్టే మంట అది. ఆ మంటను నివారించడానికి, పుట్టాక చల్లార్చడానికి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల ఆచారంలో నిలిచిన పద్ధతులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. గృహ్యసూత్రాల చౌలవిధి, ఆయుర్వేద సంహితలు, తిరుమల కల్యాణకట్ట సంప్రదాయం, మంగలికత్తి నుంచి సగం బ్లేడుకు జరిగిన మార్పు ఇందుకు ఆధారాలు. ఈ జ్ఞానాన్ని ప్రధానంగా కాపాడింది క్షురకవృత్తివారి చేతులేనని, ఆ జాతీయాన్ని ఈ వెలుగులో తిరిగి చదవాలని ప్రతిపాదన.

కీలకపదాలు: తిరుపతి క్షవరం, తలనీలాలు, కల్యాణకట్ట, చౌలం, మంగలిపొది, చందనం, నాయీ బ్రాహ్మణులు.

1. ప్రవేశిక

తిరుమలలో తలనీలాలు సమర్పించే భక్తుల సంఖ్య చాలా రోజుల్లో 20,000 దాటుతుంది. ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఇన్ని తలల మీద ప్రతిదినం కత్తి నడిచే స్థలం ప్రపంచంలో మరొకటి ఉండడం అరుదు. ఈ ఆచారం భక్తిపరంగా, పురాణపరంగా, ఆర్థికంగా చర్చకు వచ్చింది. నీలాదేవి కథను, నీలాద్రి పేరును తలనీలాలతో ముడిపెట్టి చెప్పడం అందరూ ఎరిగినదే. తలవెంట్రుకల వేలం ప్రతి ఏటా వార్త అవుతుంది. 2004లో యూదుమతగురువులు ఈ వెంట్రుకలతో చేసిన విగ్గులను నిషేధించినప్పుడు తిరుమల పేరు లండన్, న్యూయార్క్ పత్రికల దాకా వెళ్ళింది. వెంట్రుక ఇంత దూరం ప్రయాణించింది గాని, అది విడిచివెళ్ళిన చర్మం గురించి రాసినవారు తక్కువ.

చర్మానికి జరిగేది చిన్న విషయమేమీ కాదు. కత్తి వెంట్రుకతోపాటు చర్మం పైపొరను కూడా సన్నగా గీకుతుంది. పొడిచర్మం, మొద్దుబారిన అంచు, ఎక్కువ ఒత్తిడి, వెంట్రుక వాలుకు ఎదురుగా లాగడం, ఒకేచోట పదేపదే కత్తి ఆడించడం వల్ల ఆ గీత లోతవుతుంది. తల ఎర్రబారి చురచురలాడుతుంది. మరునాటికి మెడవెనుక చిన్న పొక్కులు లేస్తాయి. దీనికి తెలుగులో స్థిరపడిన ఒక్క పేరు లేదు. ‘కత్తిమంట’ అనవచ్చు. ఈ వ్యాసంలో ఆ మాటే వాడుతున్నాను.

పేరు లేకపోవడానికి ఒక కారణం మన మంగళవాచకాలే కావచ్చు. కొండమీద క్షౌరశాల కల్యాణకట్ట, తీసే వెంట్రుకలు తలనీలాలు, చేసే పని సమర్పణ. తీసేవారి కులనామాన్ని సైతం మంగళశబ్దంతో ముడిపెట్టి చెప్పడం వాడుక. ఇన్ని శుభపదాల మధ్య కత్తి అన్న మాటకు చోటు లేదు. కత్తికే చోటు లేనప్పుడు దాని మంటకు ఎక్కడిది?

ఇక్కడొక వివరణ అవసరం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ వృత్తివారిని కించపరిచే పిలుపులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. పాత కులనామాన్ని ఈ వ్యాసంలో పదచరిత్ర చెప్పేచోట, మంగలికత్తి, మంగలిపొది వంటి పరికరాల పేర్లలో మాత్రమే ఉంచాను. మనుషుల గురించి చెప్పేటప్పుడు నాయీ బ్రాహ్మణులు, క్షురకులు అనే మాటలే వాడాను.

2. జాతీయం చెప్పే కథ

‘తిరుపతి క్షవరం’ పుట్టుకకు జనం చెప్పే కథ ఒకటే. యాత్రికుల రద్దీలో క్షురకుడు ఒకరిని కూర్చోబెట్టి, తల తడిపి, నాలుగు గీతలు గీసి వదిలి మరొకరి దగ్గరకు పోతాడు. గీతలు పడిన తలతో మొదటివాడు ఎక్కడికీ పోలేడు. అతడు తన బేరంగా ఖాయమైపోయాడు. ఇలా నలుగురైదుగురిని సగం సగంగా కూర్చోబెట్టి, తర్వాత ఒక్కొక్కరినే పూర్తిచేస్తాడు. ప్రభుత్వ కార్యాలయంలో కదలని దస్త్రం నుంచి మూడో అధ్యాయం దగ్గర ఆగిన పరిశోధన గ్రంథం దాకా దేనికైనా మనం ఈ మాట అంటాం. రెండో ఉదాహరణ ఈ పత్రిక పాఠకులకు వివరించనక్కరలేదు.

ఈ కథలో క్షురకుడు దురాశాపరుడు, యాత్రికుడు అమాయకుడు. కథ చెప్పినవాడు కత్తికింద కూర్చున్నవాడే గాని కత్తి పట్టినవాడు కాదన్నది స్పష్టం. కత్తి పట్టినవాడి వైపు నుంచి చూస్తే ఇది తలకింత అని కూలి ముట్టే పని. యాత్రికుడు ఈ రోజు వచ్చి రేపు పోతాడు, మళ్ళీ ఎన్నేళ్ళకు వస్తాడో తెలియదు. ఊళ్ళో అయితే క్షురకుడికి ఏటా పంటమీద కొలిచే ధాన్యం ఉండేది. తెలిసిన తలలు, తెలిసిన గడపలు ఉండేవి. నిదానంగా చేసినా నష్టం లేదు, చెడగొడితే మాత్రం ఏడాదంతా మాట పడాలి. తీర్థంలో ఈ లెక్క తలకిందులవుతుంది. జాతీయం వెక్కిరించే తొందర మనిషి గుణంలోది కాదు, కూలి లెక్కలోది.

1801 నుంచి ఈస్టిండియా కంపెనీ, 1843 నుంచి హాథీరాంజీ మఠం మహంతులు, 1933 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం కొండమీద పాలన నడిపాయి. 1944లో మొదటి ఘాటురోడ్డు తెరిచేదాకా కాలినడకనో డోలీలోనో రావలసిన యాత్రికులు ఆ తర్వాత మోటారు వాహనాల్లో రాసాగారు. ఒక పూటలో దిగే తలల సంఖ్య మారిపోయింది. క్రమంగా వరుస, టోకెను, కేటాయించిన క్షురకుడు వచ్చారు. నేడు కల్యాణకట్టలో టోకెను పట్టుకున్నవాడిని ఎవరూ సగంలో వదిలిపోరు. జాతీయం మిగిలింది, దాన్ని పుట్టించిన పోటీ పోయింది. తలకింత అనే లెక్క మాత్రం పూర్తిగా పోలేదు. పీసురేటు అనే ఇంగ్లీషు మాటతో అది కల్యాణకట్టలో నేటికీ వినిపిస్తుంది.

సగం గొరిగి వదలడం చర్మానికి ఎందుకు చెరుపు? తిరుమలలో తల గొరగడానికి సబ్బునురగ వాడరు. నీళ్ళు చల్లి, వేళ్ళతో మర్దించి కత్తి పెడతారు. వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బితే మెత్తబడి తేలికగా తెగుతుంది. గోరువెచ్చని నీరైతే రెండుమూడు నిమిషాలు చాలు. నురగ లేదు కనుక ఆ తడే కత్తికి జారుడు కూడా. తడిపిన తలను పావుగంట గాలికి వదిలేస్తే వెంట్రుక మళ్ళీ బిరుసెక్కుతుంది. గీసిన మేర చర్మం బిగుసుకుంటుంది. తిరిగి వచ్చినవాడు మళ్ళీ తడపకుండా కత్తి పెడితే పాత గీత అంచుమీదే రెండోసారి నడుస్తుంది. కత్తిమంటకు ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. కథ విన్నవారు యాత్రికుడి అవస్థకు నవ్వుకున్నారు. ఆ అవస్థలో నవ్వులాట ఎంతో, నిజమైన మంట అంతే.

3. గోరువెచ్చని నీరు

తడి విలువను మన వాఙ్మయం చాలా ముందే గుర్తించింది. అథర్వవేదం ఆరో కాండలో 68వ సూక్తం క్షౌరానికి సంబంధించినది. అందులో సవిత కత్తితో వస్తాడు, వాయువును వేడినీటితో రమ్మని పిలుస్తారు, ఆదిత్యులూ రుద్రులూ వసువులూ తల తడపాలి. దేవతలకు కేటాయించిన ఈ పనుల్లో తడపడానికి సంబంధించినవే ఎక్కువ కావడం గమనార్హం.

గృహ్యసూత్రాలు దీన్ని ప్రయోగంగా మార్చాయి. తెలుగునాట ఎక్కువమంది వైదికులు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఉపనయనంలో చన్నీళ్ళలో వేడినీళ్ళు కలిపి తల తడపమంటుంది. నీళ్ళు కలపడం మొదలుకొని వెంట్రుకలను ఉంచడం దాకా చౌలంలోనూ ఇదే విధి అని ప్రత్యేకంగా చెబుతుంది. ఆశ్వలాయనుడు మరికొంత ముందుకు వెళ్ళాడు. నీళ్ళతోపాటు వెన్న గాని పెరుగుచుక్కలు గాని తీసుకొని తల తడపమన్నాడు. ఆ తర్వాత దర్భను కాపాడమని, కత్తిని హింసించవద్దని మంత్రాల్లో వేడుకోవడం ఉంది. తుదకు క్షురకుడితో చెప్పవలసిన మాట కూడా ఉంది. చల్లదనమూ వెచ్చదనమూ కలిసిన నీళ్ళతో తడపవలసినదంతా తడిపి, బిడ్డకు గాయం కాకుండా పని చక్కగా ముగించమని దాని భావం.

ఈ విధిని పూర్తిగా సంకేతంగా చదవడం పండితుల అలవాటు. దర్భ, మంత్రం సంకేతాలే కావచ్చు. నీరు, వెన్న మాత్రం పని చేసే పదార్థాలు. నేటి చర్మవైద్యులు చెప్పే వెచ్చని తడి, జారుడు పదార్థం, గాయం చేయని కత్తి అనే మూడూ ఈ విధిలో ఉన్నాయి. ఇంకొక సంగతి కూడా గమనించాలి. కర్త మంత్రపూర్వకంగా నాలుగు కత్తిరింపులు చేసి తప్పుకుంటాడు. తలంతా గొరిగేది క్షురకుడు. గాయం కాకుండా చూడమన్న విన్నపం ఆచార్యుడి నుంచి ఆయనకే వెళుతోంది. అంటే ఎలా చేయాలో ఆయనకు తెలుసు, చేయమని అడగడమే శాస్త్రం వంతు.

ఆయుర్వేద సంహితల్లోనూ ఇదే అమరిక. కేశాలు, గడ్డం, గోళ్ళు తీయించుకోవడం వల్ల పుష్టి, ఆయుష్షు, శుచి, సౌందర్యం కలుగుతాయని చరకసంహిత సూత్రస్థానం చెబుతుంది. పక్షానికి మూడుసార్లు తీయించుకోమని మరోచోట ఉంది. ఫలం చెప్పారు, వ్యవధి చెప్పారు. కత్తి ఏ వాలున పట్టాలో చెప్పడానికి వైద్యగ్రంథకర్త పూనుకోలేదు. ఆ అధ్యాయం గ్రంథంలో లేదు, పొదిలో ఉంది.

4. పొదిలోని అధ్యాయం

పొది అంటే అమ్ములపొది. మంగలిపొది అన్నప్పుడు కత్తులు, కత్తెర, సానరాయి, తోలుపట్టె, గోరుగల్లు, చిన్న నీళ్ళగిన్నె, అద్దం ఉంచుకునే సంచి. యోధుడి ఆయుధాలకూ క్షురకుడి పనిముట్లకూ తెలుగు ఒకే మాట వాడడం నాకు ఎప్పుడూ ఇష్టంగా తోస్తుంది.

మంగలికత్తి అంచు రోజూ తయారుచేసుకోవలసినదే. సానరాయి మీద నీళ్ళు చిలకరించి నూరాలి, తోలుమీద అటూ ఇటూ తీయాలి, చివరగా అరచేతిమీద ఒకటి రెండు మార్లు తిప్పాలి. అరచేతి మీది ఆ కదలికను చూసేవారు విలాసమనుకుంటారు. అంచులో నూగు మిగిలిందో లేదో చర్మానికే తెలుస్తుంది. తలమీద కత్తి పెట్టకముందు తన చేతిమీద పరీక్షించుకోవడమే అది. మంటకు మొదటి కారణమైన మొద్దు అంచు ఈ దశలోనే తొలగుతుంది.

తర్వాతిది దిక్కు. తలవెంట్రుకలు అన్నిచోట్లా ఒకే వైపు వాలవు. నడినెత్తిన సుడి ఉంటుంది. అక్కడినుంచి ముందుకు, పక్కలకు, మెడవైపు విడివిడిగా పారతాయి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మన ఇళ్ళలో పిల్లలను ఆటపట్టిస్తారు. క్షురకుడికి మాత్రం సుడి పటం వంటిది. అక్కడ కత్తి దిక్కు మార్చకపోతే సగం వాలుకు, సగం ఎదురుకు నడుస్తుంది. మెడవెనుక వెంట్రుక కొందరికి అడ్డంగా, కొందరికి పైకి వాలుతుంది. అక్కడ ఎదురుగా లాగితే తెగిన కొన చర్మం లోపలికి ముడుచుకుంటుంది. రింగుల జుట్టువారికి ఈ బాధ మరీ ఎక్కువ. కొత్త వెంట్రుక బయటికి రాలేక లోపలే వంగి పొక్కు కడుతుంది. తడిచేత్తో ఒకసారి తల నిమిరి వాలు తెలుసుకోవడం, ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని మెల్లగా సాగదీయడం, బరువు మోపకుండా చిన్నచిన్న గీతలుగా కత్తి నడపడం, గీతగీతకూ మధ్య తడిపోకుండా చూడడం, ఇదంతా పుస్తకం లేని శాస్త్రం. తండ్రి చేతిని చూసి కొడుకు చేయి నేర్చుకుంది.

ఎడ్గార్ థర్స్టన్, కె. రంగాచారి 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణభారత కులాల గ్రంథం క్షౌరం చేసే కులాల గురించి చెబుతూ వారి వైద్యాన్ని, శస్త్రచికిత్సను, స్త్రీల మంత్రసానితనాన్ని కూడా పేర్కొంది. కురుపు కోయడం, గాయానికి కట్టు కట్టడం, పురుడు పోయడం, పెళ్ళికి సన్నాయి ఊదడం ఒకే ఇంటివారు చేసిన కాలం రాయలసీమలో మరీ దూరపుది కాదు. వైద్యశాస్త్రం కళాశాలల్లోకి వెళ్ళినప్పుడు ఈ ఇళ్ళనుంచి వైద్యమనే పేరు పోయింది, క్షౌరం మిగిలింది. మిగిలినదాన్ని వైద్యంతో సంబంధం లేని పనిగా చూడడం తర్వాతి కాలపు దృష్టి.

5. సగం బ్లేడు

1903లో కింగ్ క్యాంప్ జిల్లెట్ సంస్థ విడిచి పారేయగల బ్లేడుతో రేజరు అమ్మకం మొదలుపెట్టింది. 1904లో దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది. సాన పట్టే పని అక్కరలేని అంచు అది. మన క్షౌరశాలల్లో ఈ బ్లేడు వింతగా రూపుదిద్దుకుంది. బ్లేడును నిలువునా రెండుగా విరిచి, మంగలికత్తిలాగే మడిచే పిడిలో అమర్చారు. పిడి పాతది, అంచు కొత్తది. ఒకటి అరిగితే పారేసి మరొకటి పెట్టుకోవచ్చు.

అలవాటు పూర్తిగా మారడానికి మరో కారణం తోడైంది. 1986లో చెన్నైలో దేశంలోనే మొదటిసారి హెచ్‌ఐవీ ఉనికిని గుర్తించారు. తర్వాతి దశాబ్దంలో కొత్త బ్లేడు వేయమని అడగడం చిన్న ఊళ్ళ దుకాణాల్లోనూ సహజమైంది. తిరుమలలో టోకెనుతోపాటు బ్లేడు కూడా భక్తుడి చేతికే ఇవ్వడం ఈ జాగ్రత్తకు పరాకాష్ఠ. ఎవరి తలకు వారి అంచు. అంటువ్యాధుల దృష్టితో ఇది నిస్సందేహంగా మేలు.

కత్తిమంట దృష్టితో ఫలితం మిశ్రమం. మొద్దు అంచు అనే పాత కారణం దాదాపు పోయింది. అయితే బ్లేడు పలుచన, దాని వాడి తీవ్రం. మంగలికత్తికి ఉన్న బరువు దీనికి లేదు కనుక చేయి ఆ బరువును తానే మోపుతుంది. కోణం కొంచెం నిలువైతే గీకుతుంది, కొంచెం పక్కకు జరిగితే గాటు పడుతుంది. పాత కత్తి సాన దగ్గర నైపుణ్యం కోరింది, కొత్త బ్లేడు మణికట్టు దగ్గర కోరుతోంది. బ్లేడు వచ్చాక నైపుణ్యం అక్కరలేకుండా పోయిందన్న అభిప్రాయంతో ఏకీభవించలేను. పసిపిల్లల పుట్టువెంట్రుకలు తీసే క్షురకుణ్ణి ఒక్కసారి గమనిస్తే చాలు. ఏడుస్తూ మెడ తిప్పే బిడ్డ, కంగారుపడే తల్లి, మాడు ఇంకా పూర్తిగా గట్టిపడని తల, చేతిలో సగం బ్లేడు. బిడ్డ తల ఎటు తిరిగితే మణికట్టు అటు తిరుగుతుంది, తల కదిలిన క్షణంలో అంచు గాలిలోకి లేస్తుంది. మహిళా క్షురకులు ఈ పని చేసేటప్పుడు బిడ్డను మాటల్లో పెట్టడం కూడా పనిలో భాగంగానే కనిపించింది.

6. గంధం

గుండు అయ్యాక స్నానం. కల్యాణకట్ట దగ్గరే గాని, స్వామిపుష్కరిణిలో గాని చన్నీళ్ళు పడగానే చురుక్కుమంటుంది, మరుక్షణం హాయి తెలుస్తుంది. అప్పుడే గొరిగిన తలకు సబ్బు రాయడం మంచిది కాదు. బస్తీ క్షౌరశాలల్లో గడ్డం చేశాక పటికబిళ్ళ తడిపి రుద్దుతారు. అది చిన్న గాట్ల నుంచి కారే నెత్తుటిని ఆపుతుంది, చర్మాన్ని బిగిస్తుంది. కందిన చర్మమంతటికీ పులమడం మాత్రం అనవసరం. సారా కలిసిన పరిమళద్రవ్యాలు చురుక్కుమనడమే శుభ్రతకు గుర్తని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ మంట శుభ్రత కాదు, పైపొర పోయిన చర్మం పెట్టే మొర.

తిరుమల వీధుల్లో దీనికి వేరే సమాధానం ఉంది. గుండుమీద గంధం. పసుపుపచ్చని పూత పూసిన తలలే తిరుపతి రైల్వేస్టేషనులో, చిత్తూరు బస్సుల్లో కొండనుంచి దిగినవారి ఆనవాలు. దీన్ని మనం భక్తిచిహ్నంగా, కొంత అలంకారంగా చూస్తాం. చరకుడు దాహాన్ని, అంటే ఒంటిమంటను, శమింపజేసే పది ద్రవ్యాల గణాన్ని చెబుతూ అందులో చందనాన్ని, వట్టివేరును చేర్చాడు. తిరుమల ఆలయ శాసనాల్లో నైవేద్యాల తర్వాత పంచే వాటిలో తాంబూలంతోపాటు చందనం కూడా లెక్కకు వస్తుంది. దేవుడి సన్నిధిలో ఉపచారమైనది కల్యాణకట్ట బయట చికిత్స అయింది. ఒకే ద్రవ్యం, ఒకే చల్లదనం.

పూత పనిచేసే తీరు సులభంగానే అర్థమవుతుంది. నీళ్ళతో కలిపిన గంధం ఆరుతూ వేడిని లాక్కుంటుంది. తిరుపతి ఎండలో వెంట్రుకల నీడ ఒక్కసారిగా పోయిన తలకు ఆ కాసేపు చాలా విలువైనది. పూర్తిగా ఎండి పెచ్చుకట్టేదాకా ఉంచితే అదే చర్మాన్ని లాగి దురద పెడుతుంది. గోటితో గీరితే మంట మళ్ళీ మొదటికి వస్తుంది. చెమ్మ ఉండగానే చన్నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, రాత్రికి కొబ్బరినూనె పలుచగా రాయడం మా ప్రాంతపు ఇళ్ళలో పెద్దవాళ్ళు చేయించే పద్ధతి. ఒకటి రెండు రోజులు తలగుడ్డ మెత్తనిదై ఉండాలి. పొక్కులు చీము పట్టినా, ఎరుపు పాకినా గృహవైద్యం ఆపి వైద్యుణ్ణి చూడాలి.

గంధమనే పేరుతో అమ్మేదంతా గంధం కాదన్నది కూడా చెప్పుకోవాలి. రంగూ సెంటూ కలిపిన పొడులు కందిన చర్మానికి కొత్త బాధ తెస్తాయి, పసిపిల్లలకు మరీను. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనాన్ని, మంచిగంధాన్ని ఒకటిగా భావించేవారూ ఉన్నారు. రెండూ వేర్వేరు కుటుంబాల చెట్లు. ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ సువాసన లేదు. చలువపూతగా రెండింటికీ నాటువైద్యంలో చోటు ఉంది గనుక పేరులోని పోలిక ఈ పొరపాటును నిలబెడుతోంది.

మా చెల్లెలి పుట్టువెంట్రుకలు తీయించిన రోజు నాకు ఎనిమిదేళ్ళు. నా తలా అప్పుడే అయింది. నా వంతు ముగిశాక ఆ పెద్దాయన కత్తి మడిచి, చెయ్యి నీళ్ళలో ముంచి, మెడనుంచి నెత్తిదాకా వెనక్కి ఒకసారి నిమిరాడు. ఎక్కడో గరుకు తగిలింది. మళ్ళీ కత్తి తీయబోయి ఆగి, ముందు అక్కడ నీళ్ళు అద్దాడు. అమ్మ తొందరపడుతోంది, వరుసలో వెనుక చాలామంది ఉన్నారు. “తడి పట్టనీమ్మా, లేకుంటే రాత్రికి పిల్లోడు నిద్రపోడు” అన్నాడు.